తెర మీద పెట్టిన స్కేలు

మేడ మీది గది,
జూలై 6

పండూ,

చేత్తో రాసిన కవరు చూసి ఎవరికేమైందో అని కంగారు పడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. మీ బావ కింద సోఫాలో కునుకు తీస్తున్నారు, నేను మేడ మీద ప్రాణాలతోనే ఉన్నాను. ఫోన్ చేస్తే నువ్వు "సరే అక్కా, చూద్దాం అక్కా" అని జారుకుంటావు. కాగితం మీదైతే అలా కుదరదు. పైగా రోజుకి ఆరు గంటలు కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. ఇంకో తెర కనబడితే కిటికీలోంచి గిరాటేసేలా ఉన్నాను. కాబట్టి జవాబు కూడా కాగితం మీదే రాయి.

సంగతేమిటంటే, ఈ టర్ము నుంచి నా కోర్సు ఆన్‌లైన్లోకి మార్చారు. నేలల శాస్త్రం. ఇరవై రెండేళ్ళుగా పిల్లల చేతిలో మట్టి పెట్టి, తడిపించి, పిసికించి, "ఇప్పుడు చెప్పు, ఇది ఏ నేల?" అని అడుగుతూ వచ్చినదాన్ని. ఆ మట్టిని కంప్యూటర్లోంచి ఎలా అందించమంటారని ప్రిన్సిపాల్‌గారిని అడిగాను. ఆయన మహా ఉత్సాహంగా, ఇప్పుడు ఎవరైనా ఎక్కడినుంచైనా చేరవచ్చు కదా మేడమ్ అన్నారు. నేనడిగింది అది కాదు.

అదే ఉత్సాహంతో ఇంకో మాట కూడా చెప్పారు. టర్ము చివర పరీక్షకి ఇరవై మంది కూర్చోవాలట. పంతొమ్మిది మందే కూర్చుంటే కోర్సు ఎత్తేస్తారట. నా మట్టి గదిలో నూట నలభై సీసాలున్నాయి, ప్రతి సీసాలో మట్టి నేను తవ్వి తెచ్చిందే. ఆ గదిలో విరిగిన కుర్చీలు పెట్టుకుందామని ఆఫీసువాళ్ళు అప్పుడే టేపు తెచ్చి కొలుచుకుపోయారు. నన్ను మాత్రం సెలవు చీటీలు రాయడమెలాగో పిల్లలకి నేర్పే క్లాసులో వేస్తారట.

మొదట్లో నలభై ఒక్కరు చేరారు. ఇవాళ్టికి ముప్పై ఆరుగురు ఉన్నారు.

మొదటి వారం పాఠం రికార్డు చేసి పెట్టమన్నారు. అలవాటు కొద్దీ ముందు అటెండెన్స్ తీసుకున్నాను. నలభై ఒక్క నంబర్లూ పిలిస్తే ఒక్కరూ పలకలేదు. తర్వాత పాఠం మధ్యలో ఒక ప్రశ్న వేసి జవాబు కోసం ఆగాను. నా సంగతి నీకు తెలుసు కదా, జవాబు వచ్చేదాకా కదలను. నాలుగు నిమిషాలు గుడ్లురిమి చూస్తూ నిలబడి, ఆ తర్వాత ఖాళీ గదిని అయిదు నిమిషాలు తిట్టాను. మొత్తం రికార్డయింది. ఆ పాఠాన్ని ఇప్పటికి ఆరువందల మంది చూశారని లెక్క చూపిస్తోంది. నా విద్యార్థులు ఆరువందల మంది లేరు.

నువ్వు ఆ దూరవిద్యా కేంద్రంలో అయిదేళ్ళ నుంచి చేస్తున్నది ఇదే పని కదా. ఎలా చెప్పాలో రాయి. నా గది కుర్చీల పాలు కాకూడదు.

అక్క


దూరవిద్యా కేంద్రం, రెండో అంతస్తు,
జూలై 13

అక్కా,

నాకు నలభై మూడేళ్ళు. కవరు మీద "పండు, దూరవిద్యా కేంద్రం" అని రాస్తే ఎలా? అది మూడు అంతస్తులు తిరిగి, క్యాంటీన్‌కి కూడా వెళ్ళి, చివరికి నా బల్ల మీదకి వచ్చింది. ఇప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ కూడా నన్ను పండుగారూ అంటున్నాడు.

నువ్వు చెప్పినవన్నీ మేము రోజూ చూసే సమస్యలే, బెంగపడకు. గంటసేపు పాఠాన్ని తెర మీద ఎవరూ వినరు. పది నిమిషాల ముక్కలుగా కోసెయ్, ఒక్కో ముక్కలో ఒక్క సంగతే చెప్పు. రికార్డు చేసే పాఠంలో అటెండెన్స్ వద్దు, తిట్లు అసలే వద్దు. నేరుగా క్లాసు తీసుకునే రోజున మాత్రం అయిదు నిమిషాలకోసారి వాళ్ళ చేత ఏదో ఒకటి చేయించు. నలుగురైదుగురిని కంప్యూటర్లోనే ఒక చిన్న గదిలో వేసి మాట్లాడుకోమను, దానికో బటన్ ఉంటుంది. వారంలో ఒక గంట పాఠం లేకుండా ఊరికే కూర్చో, సందేహాలున్నవాళ్ళు వస్తారు. మాట్లాడేటప్పుడు తెరని కాకుండా పైన ఉన్న కెమెరా కన్నుని చూడు. అలవాటయ్యేదాకా దాని పక్కన ఎవరిదైనా ఫొటో అంటించుకుంటే మనిషితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మా అనుభవంలో ఇది బాగా పనిచేసింది.

ఏం జరిగిందో నాకు వివరంగా రాస్తూ ఉండు. చిన్న విషయమే కదా అని ఏదీ వదిలెయ్యకు. ఏ బటన్ నొక్కావు, పిల్లలేమన్నారు, అన్నీ కావాలి.

పండు (ఇక చేసేదేముంది)


మేడ మీది గది,
జూలై 29

పండూ,

నీ సలహాలన్నీ పాటించాను. ఇప్పుడు ముప్పై ఒక్కరు ఉన్నారు.

కెమెరా పక్కన ముందు మీ బావ ఫొటో అంటించాను. మా పెళ్ళిలోది. నేల పొరల గురించి చెబుతూ పైకి చూసినప్పుడల్లా ఆ మీసం కనబడి నవ్వొచ్చేది. మూడుసార్లు ఆపుకున్నాను, నాలుగోసారి ఆపుకోలేకపోయాను. పీకేసి ప్రిన్సిపాల్‌గారి ఫొటో అంటించాను, కాలేజీ పత్రికలోంచి కత్తిరించి. దాంతో పాఠమంతా నాకు తెలియకుండానే "అవును సార్, తప్పకుండా సార్" అంటూ చెప్పాను. ఒక పిల్లవాడు "మేడమ్, నన్ను సార్ అనక్కర్లేదు" అన్నాడు. క్లాసులో వాడు నోరు విప్పడం అదే మొదటిసారి, అందుకని వాడి మీద కోపం రాలేదు.

చిన్న గదుల బటన్ దొరికింది. ఒక్కో గదికి నలుగురు చొప్పున పిల్లలని సర్దాను. అంతా మాయమయ్యారు. నేను అందరినీ వెనక్కి పిలవబోయి ఇంకేదో నొక్కి, నన్ను నేనే ఒక గదిలో వేసుకున్నాను. అది ఖాళీ గది అని నాకేం తెలుసు? ఎవరూ కెమెరా పెట్టరు, ఎవరూ పలకరు, మామూలు క్లాసుకీ దానికీ తేడా ఏముంది? అరగంటకి పైగా చక్కగా పాఠం చెప్పి, ఎవరూ అడ్డురాలేదని సంతోషంగా బయటికొచ్చాను. అటు పిల్లలు నా కోసం వెతికి వెతికి ఎవరి దారిన వాళ్ళు పోయారు.

సందేహాల గంటకి ఒక్కరే వచ్చారు, మీ బావ. ఒకే ఇంట్లో ఉన్న మనిషి కింద గదిలోంచి కంప్యూటర్లో చేరి, మధ్యాహ్నానికి ఏం వండావు అని అడిగారు. అదీ ఒక సందేహమేనట.

నీ అనుభవం ఏమో గానీ నా అనుభవం ఇలా ఉంది. మట్టి పట్టుకోని క్లాసుని ఎవరైనా ఎందుకు వింటారురా? నేనైనా వినను.

అక్క


దూరవిద్యా కేంద్రం, రెండో అంతస్తు,
ఆగస్టు 5

అక్కా,

నీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్ను పట్టుకుని చదివాను. అద్భుతంగా ఉంది. అంటే, పాపం అనిపించింది.

చిన్న గదుల్లోకి పంపేముందు ఎంతసేపు, ఏం మాట్లాడాలి, తిరిగొచ్చి ఏం చెప్పాలి అనేది తెర మీద రాసి పెట్టు. నువ్వు బయటే ఉండు. నీ పేరు పక్కన ఎంతమంది ఉన్నారో ఒక అంకె కనబడుతుంది, అది ఒకటి అని ఉంటే నువ్వు ఒంటరిగా ఉన్నట్టు.

మట్టి సంగతి మాత్రం నువ్వన్నది నిజం. ఎవరింటి దగ్గరి మట్టి వాళ్ళనే తెచ్చుకోమను. వాళ్ళ ఇంట్లో వాళ్ళే తడిపి పిసుకుతారు, నువ్వు కెమెరాలో చూసి చెప్పు. ప్రయోగశాలని ఇంటికే పంపడం అంటారు దీన్ని. తర్వాత ఏం జరిగిందో రాయడం మర్చిపోకు. వీలైతే తారీకులతో సహా రాయి.

పండు


మేడ మీది గది,
ఆగస్టు 24

పండూ,

ఇది చదివి చింపెయ్. మీ బావకి తెలుసు, నీకు చెబుతున్నాను, మూడో మనిషికి తెలియకూడదు.

ఇంటి మట్టి ఆలోచన మంచిదే. పిల్లలు నిజంగానే ఉత్సాహపడ్డారు. అయిదో అంతస్తులో ఉండే ఒక అమ్మాయికి మట్టి ఎక్కడా దొరక్క ఎదురింటివాళ్ళ పూలకుండీలోంచి తీసిందట, ఆ మొక్క వాలిపోయిందట, ఎదురింటావిడ ఇప్పుడు ఆ అమ్మాయితో మాట్లాడటం లేదట. క్లాసులో అందరూ ఆ అమ్మాయిని కుండీ దొంగ అంటున్నారు, ఆ పిల్ల కూడా పలుకుతోంది.

నీకు మట్టి గురించి ఏమీ తెలియదు కాబట్టి ముందు ఇది చెప్పాలి. తడిపిన మట్టి ముద్దని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నెమ్మదిగా బయటికి నొక్కుతూ పోతే రిబ్బనులా సాగుతుంది. ఇసుక నేలైతే అసలు సాగదు. అయిదు సెంటీమీటర్లు దాటి తెగకుండా సాగితే బంకమట్టి. ఈ కొలత మీదే నా కోర్సు సగం నడుస్తుంది.

ముప్పై మంది తలో రిబ్బను చేసి కెమెరా ముందు పట్టుకున్నారు. నేను నా స్టీలు స్కేలు తీసి, తెర మీద పెట్టి, ఒక్కొక్కరిదీ కొలిచి రాసుకున్నాను. ఒకడిది తొమ్మిది సెంటీమీటర్లు, ఒకడిది పద్నాలుగు. కుండీ దొంగది ముప్పై ఒకటి. ఇరవై రెండేళ్ళలో అంత రిబ్బను నేను చూడలేదు. తలో మూలనుంచీ వచ్చిన మట్టి మొత్తం అంత గొప్ప బంకమట్టి కావడమేమిటని ఆ రోజే రెండు పేజీల నోట్ రాసి ప్రిన్సిపాల్‌గారికి ఇచ్చాను. ఆయన దాన్ని మీటింగులో చదివి చప్పట్లు కొట్టించారు.

సాయంత్రం మీ బావ టీ పట్టుకొచ్చి, తెర మీద ఆపి ఉంచిన కుండీ దొంగ చెయ్యి చూశారు. "అమ్మాయి చెయ్యి నీ తలకాయంత ఉందేమిటి?" అన్నారు. ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక స్కేలు కింద పెట్టేశాను.

కెమెరాకి ఎంత దగ్గర పెడితే అంత పెద్దగా కనబడుతుంది కదరా. నేను పిల్లల మట్టిని కొలవలేదు, వాళ్ళ బొమ్మలని కొలిచాను. నోట్ వెనక్కి తీసుకున్నాను, కారణం చెప్పలేదు. మార్కులన్నీ కొట్టేశాను. దాంతో అలిగి కొందరు వెళ్ళిపోయారు. ఇరవై నాలుగు.

అక్క


దూరవిద్యా కేంద్రం, రెండో అంతస్తు,
సెప్టెంబరు 2

అక్కా,

చాలా పనిలో ఉన్నాను, రెండు ముక్కలే రాస్తున్నాను. స్కేలుని తెర మీద కాదు, పిల్లల చేతి పక్కన పెట్టించాలి. ఎవరి స్కేలు వాళ్ళ దగ్గరే ఉంటే చెయ్యి ఎంత పెద్దగా కనబడినా స్కేలు కూడా అంతే పెరుగుతుంది.

ఉత్తరం చింపేశాను అనే అనుకో.

పండు


స్టాఫ్ రూమ్,
సెప్టెంబరు 17

దూరవిద్యా కేంద్రం సలహాదారుగారికి,

తమరి పుస్తకం అందింది. "కళాశాల అధ్యాపకులకు ఆన్‌లైన్ బోధన: సలహాలు, సాధనాలు". నీలం అట్ట, ఎనభై పేజీలు. మా ప్రిన్సిపాల్‌గారు తలా ఒక ప్రతి పంచారు. నా పక్క కుర్చీలో కూర్చునే ఫిజిక్స్ ఆయన పద్నాలుగో పేజీని స్టాఫ్ రూమ్‌లో అందరికీ వినబడేలా చదివారు.

"ఒక సీనియర్ అధ్యాపకురాలు విద్యార్థుల మట్టి నమూనాలను తెర మీద స్కేలు పెట్టి కొలిచారు." మట్టి అని రాశాక ఇక పేరు రాయకపోతే మాత్రమేం? మా కాలేజీలో మట్టి పట్టుకునేది ఎవరు? పదిహేడో పేజీలో ఖాళీ గదికి పాఠం చెప్పినదాన్నీ నేనే. ఇరవయ్యో పేజీలో ప్రిన్సిపాల్ ఫొటోని సార్ అన్నదాన్నీ నేనే. ఆ పేజీ ప్రిన్సిపాల్‌గారు స్వయంగా చదువుకున్నారు. చదివి, ఏ ఫొటో మేడమ్ అని మాత్రం అడిగారు.

ఇంత అనుభవజ్ఞుడు సొంత క్లాసులో ఏం చేస్తాడో చూద్దామని మీ ఆఫీసుకి ఫోన్ చేసి నీ టైమ్ టేబుల్ అడిగాను. అవతలావిడ నవ్వి, పండుగారు క్లాసు చెప్పరండీ, ఎప్పుడూ చెప్పలేదు అంది. అయిదేళ్ళలో ఒక్క క్లాసు కూడా చెప్పలేదట. "మా అనుభవంలో" అని నువ్వు రెండు నెలలుగా రాస్తున్నది నా అనుభవం. ముందు నా చేత చేయించి, పడితే నవ్వి, ఆ పడిన సంగతి పుస్తకంలో వేసుకున్నావు.

చాలా బాధపడ్డానురా. స్టాఫ్ రూమ్‌లో నవ్వినందుకు కాదు. తమ్ముడు చెప్పాడు కదా అని ఒక్కటి కూడా అనుమానించకుండా చేశాను.

ఆ పేజీ పిల్లలకీ చేరింది. ఇప్పుడు పంతొమ్మిది మంది ఉన్నారు.

నీకు శిక్ష వేస్తున్నాను. ఎవరైనా ఎక్కడినుంచైనా చేరవచ్చు కాబట్టి నువ్వు నా కోర్సులో చేరు. ఆలస్యంగా చేరేవాళ్ళ గడువు ఇరవై అయిదో తారీకు. నువ్వు చేరితే ఇరవై అవుతారని నాకు లెక్క తెలియక కాదు. అందుకు పిలవడం లేదు. ఇన్నాళ్ళూ నాకు చెప్పినవి అవతలివైపు కూర్చుని చూడాలని పిలుస్తున్నాను.

నీలం అట్ట పద్నాలుగో పేజీ


ఇల్లు,
సెప్టెంబరు 22

అక్కా,

చేరాను. రోల్ నంబరు నలభై రెండు.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఎవరికీ మొహం చూపించాలనిపించలేదు. నువ్వు రాసింది అక్షరాలా నిజం. నేను క్లాసు చెప్పలేను. ఉద్యోగంలో చేరిన వారంలోనే ఒక నమూనా పాఠం చెప్పమన్నారు. పన్నెండుమంది ముందు నిలబడ్డాను. నోరు తెరిచాను, మాట రాలేదు. గోడ గడియారంలో ఏడు నిమిషాలు గడిచాయి, నేను చూస్తూనే ఉన్నాను. చివరికి "ఇంకేమైనా సందేహాలున్నాయా" అని అడిగి వచ్చేశాను. ఎవరికీ సందేహాలు లేవు. ఆ తర్వాత నన్ను సలహాలు రాసే విభాగంలో వేశారు. అక్కడ సలహాలు రాసేవాళ్ళందరిదీ దాదాపు ఇదే కథ.

నువ్వు ఆరువందల మంది చూస్తున్నారని తెలిసి కూడా మళ్ళీ వారం వెళ్ళి పాఠం చెప్పావు. అది నేను పుస్తకంలో రాయాల్సింది, రాయలేదు. నువ్వు పడిపోయినవే రాశాను. తప్పు చేశాను, క్షమించు.

మట్టి ఎక్కడ తవ్వాలి? మా ఆఫీసు ముందు గడ్డి ఉంది, అందులో కాలు పెట్టవద్దని బోర్డు ఉంది.

పండు


మేడ మీది గది,
అక్టోబరు 8

రోల్ నంబర్ నలభై రెండుకి,

క్షమించడం సంగతి తర్వాత చూద్దాం. ముందు కెమెరా పెట్టు. నిన్న నిన్ను ప్రశ్న అడిగినప్పుడు ఏదో కరకరలాడింది, నువ్వు బ్రెడ్డు ముక్క తింటున్నావని క్లాసు మొత్తానికి తెలిసింది. మ్యూట్ గురించి తొమ్మిదో పేజీలో నువ్వే రాశావు.

నిన్నటి క్లాసు సంగతి ఇంకా నాకు ఆశ్చర్యంగానే ఉంది, అందుకే రాస్తున్నాను. స్కేలు గొడవ తర్వాత కళ్ళతో చూసే పని వదిలేశాను. అందరినీ మట్టి ముద్ద పట్టుకుని కళ్ళు మూసుకోమన్నాను. నేనూ మూసుకున్నాను. చూడకుండా, వేలికి ఏం తెలుస్తోందో మాటల్లో చెప్పమన్నాను. కుండీ దొంగ మొదలుపెట్టింది, గరగరమంటోంది మేడమ్, పళ్ళ కింద పంచదారలా ఉంది అంది. ఇంకొకడు సబ్బు చివరి ముక్కలా జారుతోంది అన్నాడు. ఒకరు చెబుతుంటే ఇంకొకరికి తెలిసిపోతోంది, అది ఇసుక, ఇది ఒండ్రు అని వాళ్ళలో వాళ్ళే తేల్చేస్తున్నారు. నా మట్టి గదిలో ఇన్నేళ్ళుగా చేతికి ఇచ్చేదాన్ని, వాళ్ళు పిసికి పేరు చెప్పేవాళ్ళు. ఎలా ఉందని నేనెప్పుడూ అడగలేదు. అడగాలని తోచనే లేదు.

గంట అయిపోయినా ఎవరూ వెళ్ళలేదు. మూడు వారాల నుంచీ ఒక్కరు కూడా మానలేదు.

నీ ముద్ద గురించి నువ్వు "తడిగా ఉంది" అన్నావు. తడిపితే తడిగానే ఉంటుంది. ఇంకా ప్రయత్నించు.

నీ లెక్చరర్


ఇల్లు,
అక్టోబరు 30

అక్కా,

విద్యార్థిగా కూర్చుంటే గానీ తెలియనివి కొన్ని ఉన్నాయి. నేను పుస్తకంలో అయిదు నిమిషాలకోసారి ఏదో ఒకటి అడగమన్నాను కదా. అది వినేవాడి ప్రాణం తీస్తుంది. నువ్వు మొదటి రెండు వారాలు అలా చేశావట, పాపం ఆ పిల్లలు. అదే నువ్వు క్లాసు మొదట్లో "పోయినసారి ఏడో నంబరు ఒక మంచి మాట అన్నాడు" అని చెప్పినప్పుడు, ఎప్పటికైనా నా నంబరు కూడా చెబుతావేమో అని వారమంతా ఎదురుచూస్తున్నాను. నలభై మూడేళ్ళవాణ్ణి. ఇదంతా పుస్తకంలో లేదు.

ఇప్పుడు అసలు ఇబ్బంది చెప్పాలి. నీ పరీక్ష నవంబరు 20, పొద్దున్న పది గంటలకి. నా పుస్తకానికి రెండో ముద్రణ ఇవ్వాలా వద్దా అని తేల్చే కమిటీ కూడా అదే రోజు, అదే గంటకి. ఏడుగురు ఉంటారు, డైరెక్టరుగారు కూడా వస్తారు. తప్పులు దిద్ది, నీకు క్షమాపణతో కొత్త పుస్తకం తేవాలని నా ఆశ. నేను వెళ్ళకపోతే అది అక్కడితో ఆగిపోతుంది. ఏం చెయ్యమంటావు? నేను లేకపోతే ఎంతమంది అవుతారు?

పండు


మేడ మీది గది,
నవంబరు 5

పండూ,

పంతొమ్మిది.

కమిటీకి వెళ్ళు. అయిదేళ్ళు కష్టపడి రాసుకున్నావు, అందులో నా పరువు ఉన్నా కష్టం నీదే. ఎవరి కోర్సు వాళ్ళే నిలబెట్టుకోవాలి, తమ్ముణ్ణి కూర్చోబెట్టి కాదు. నిన్న మట్టి గదికి వెళ్ళి సీసాల మీద దుమ్ము తుడిచాను. ఎవరికైనా ఇచ్చేస్తే శుభ్రంగా ఇవ్వాలి కదా.

పరీక్షకి అందరికీ ఒక్కో పొట్లం మట్టి పోస్టులో పంపుతున్నాను. నీ నంబరు కూడా జాబితాలో ఉంది కాబట్టి నీకూ వస్తుంది. విప్పకుండా దాచుకో. అలవాటు మీద కట్టేశాను, ఇంకేం లేదు.

నీ మీద నాకు కోపం లేదు. ఉండేది, పోయింది.

అక్క


దూరవిద్యా కేంద్రం, కమిటీ హాలు,
నవంబరు 20

అక్కా,

నువ్వు పరీక్ష చూశావు కాబట్టి సగం నీకు తెలుసు. మిగతా సగం రాస్తున్నాను.

కమిటీకి వెళ్ళాను, పొట్లం జేబులో వేసుకుని వెళ్ళాను. పది కాగానే కంప్యూటర్ తెరిచి పరీక్షలో చేరాను. డైరెక్టరుగారు మొదటి పేజీ తీయమన్నారు. నేను లేచి, "క్షమించండి సార్, నాకు పరీక్ష ఉంది, నేను రాకపోతే మా అక్క కోర్సు పోతుంది" అన్నాను. ఏడుగురి ముందు నిలబడి ఒక పూర్తి వాక్యం చెప్పడం నా జీవితంలో అదే మొదటిసారి. అందుకు నేనే ఆశ్చర్యపోయి కాసేపు అలాగే నిలబడ్డాను.

తర్వాత పొట్లం విప్పి, మంచినీళ్ళ గ్లాసులోంచి నీళ్ళు పోసి, కమిటీ బల్ల మీద మట్టి పిసకడం మొదలుపెట్టాను. మొదట డైరెక్టరుగారి మొహం మాడిపోయింది. కానీ చూస్తూ చూస్తూ ఆయన చెయ్యి చాచారు. కొంచెం ముద్ద తీసుకుని, ఇది బంకమట్టి, అనుమానం లేదు అన్నారు. ఎడమపక్క సభ్యుడు కాదు ఒండ్రు అన్నాడు. అందరూ తలా కాస్త తీసుకున్నారు. మినిట్స్ రాసే ఆవిడ కూడా పెన్ను పక్కన పెట్టి పిసికింది. నువ్వు కెమెరాలో చూసిన ఆ చేతులన్నీ వాళ్ళవే. చివరికి డైరెక్టరుగారు ఓటింగ్ పెట్టారు. అయిదు చేతులు లేచాయి, రెండు లేవలేదు. బంకమట్టి అని తీర్మానమైంది, మినిట్స్‌లోకి కూడా ఎక్కింది. సమయం అయిపోతోందని నువ్వు అడిగావు, నేను అదే చెప్పాను.

పుస్తకం గురించి మాట్లాడటానికి టైము మిగల్లేదు. బల్ల తుడవడానికి అరగంట పట్టింది. జనవరికి వాయిదా వేశారు.

ఇరవై మంది అయ్యారా?

పండు


మట్టి గది,
డిసెంబరు 3

పండూ,

అయ్యారు. ఇరవై మందీ కూర్చున్నారు. ప్రిన్సిపాల్‌గారు జాబితాని రెండుసార్లు లెక్కపెట్టారు, రెండుసార్లూ ఇరవై వచ్చింది. ఆఫీసువాళ్ళు కుర్చీలకి వేరే గది చూసుకుంటారట. ఇది నా మట్టి గదిలో కూర్చునే రాస్తున్నాను. నీ పేరు జాబితా చివర కనబడగానే ప్రిన్సిపాల్‌గారి ముందే ఏడ్చాను. ఆయన కంగారుపడి మంచినీళ్ళు ఇచ్చారు. ఏడ్చినందుకు సిగ్గేం లేదు.

ఇక నీ మార్కులు. వందకి ఇరవై రెండు. ముప్పై అయిదు రావాలి.

నీకిచ్చింది ఇసుక నేల. అసలు సాగదు. నువ్వు కళ్ళు మూసుకుని ముద్ద పట్టుకోగానే "గరగరలాడుతోంది" అన్నావు, నేను విన్నాను, సంతోషపడి పెన్ను కూడా తీశాను. నీ చేతికి తెలిసింది. ఆ తర్వాత కమిటీ మాట విని బంకమట్టి అన్నావు. మట్టికి ఓటింగ్ ఉండదని డైరెక్టరుగారికి చెప్పు. తమ్ముడివి కదా అని పదమూడు మార్కులు కలపడం నాకు చేతకాదు. మీ బావ కలపమన్నారు, కలపలేదు.

కమిటీలో నిలబడి ఆ ఒక్క వాక్యం చెప్పావు చూడు, దానికి మాత్రం నూటికి నూరు వేస్తాను. కానీ ఆ సబ్జెక్టు నాది కాదు.

పరీక్షకి కూర్చుంటే చాలు, పాస్ కానక్కర్లేదని రూలులో ఉంది, అందుకే కోర్సు నిలిచింది. వచ్చే టర్ముకీ ఇదే రూలని ప్రిన్సిపాల్‌గారు చెప్పారు, మళ్ళీ ఇరవై మంది కావాలి. తప్పినవాళ్ళు మళ్ళీ చేరి పరీక్ష రాయాలి, అది కూడా రూలే. అందుకని కొత్త జాబితాలో మొదటి పేరు నీది రాసేశాను. ఇంకా పంతొమ్మిది మందిని చూసుకోవాలి.

అక్క